రగ్బీలో మా తమ్ముడు

మా అవ్వ కోడలిని తిట్టడం మానేసిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. ఇప్పుడు ఆ మాట అనుకుని నవ్వుకుంటాం గానీ, ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. మెట్‌పల్లిలో పొద్దున కాసేపు దుకాణాలు తెరిచేవాళ్లు. ఎండ ముదరగానే పోలీసు జీపు తిరిగేది, అన్నీ మూతపడేవి. మా ఆయన నడిపే సాంచాలు అంతకుముందే ఆగిపోయాయి. సాంచా అంటే కరెంటు మగ్గం. పగలూ రాత్రీ ఆ టకటక మధ్యనే పుట్టి పెరిగిన వాళ్లం. అది ఆగిపోయేసరికి వాడ వాడంతటికీ ఎవరో నోరు మూసినట్టు ఉండేది. నేనూ నా మరదలూ బీడీలు చేసేవాళ్లం. తునికాకు సరిగా రాకపోయినా, ఉన్న ఆకునే కత్తిరించుకుంటూ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. చేతులు ఊరికే ఉంటే మనసు ఎక్కడెక్కడికో పోతుంది కదా.

మరదలంటే నా తమ్ముడి భార్య. మా దగ్గర అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. అవ్వా మరదలూ ఒక ఇంట్లో, నేనూ మా ఆయనా పక్కింట్లో. రెండిళ్ల మధ్య గోడకు మా బాపు బతికున్నప్పుడే ఒక సందు కొట్టించాడు, కూర గిన్నెలు అటూ ఇటూ అందించుకోవడానికి. తమ్ముడు దుబాయిలో ఉంటాడు. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయి పోయాడనే అంటాం. మస్కట్ పోయినవాడూ దుబాయే, ఖతర్ పోయినవాడూ దుబాయే. మావాడు మాత్రం నిజంగానే దుబాయి పోయాడు. ఇక్కడున్నన్నాళ్లూ బాపు పక్కన సాంచాలు నడిపినవాడు, అక్కడ ఆటల మైదానంలో గడ్డి పనికి కుదిరాడు. నీళ్లు పెట్టడం, గడ్డి కోయడం, తెల్ల గీతలు గీయడం.

అవ్వ తిట్ల సంగతి చెప్తున్నాను కదా. అన్నం మెత్తనైతే తిట్టేది, పలుకైతే తిట్టేది. మరదలు తొందరగా లేస్తే "గింత పొద్దుగాల లేసి ఎవ్వలను ఉద్ధరిస్తున్నవే" అనేది, ఆలస్యమైతే చెప్పనే అక్కర్లేదు. మరదలు కూడా తక్కువది కాదు, అవ్వకు వినపడీ వినపడనట్టు జవాబులు చెప్పేది. అట్లా వాళ్లిద్దరికీ పొద్దు పోయేది. కోపం ఉండేది కాదు.

ఆ రోజు మరదలు పప్పు మాడబెట్టింది. పొగ గోడ సందులోంచి మా ఇంట్లోకి కూడా వచ్చింది. ఇక మొదలవుతుంది అనుకుంటూ నేను చెవి అటు పెట్టాను. ఏమీ వినిపించలేదు. కాసేపటికి మరదలే కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"వదినె, అత్తమ్మ నన్ను తిడ్తలేదు."

"మంచిదే గదనే. పండుగ చేసుకో."

"లేదు వదినె, ఇను. గిన్నె దించి, పోనీ తియ్యి బిడ్డా అన్నది. నన్ను బిడ్డా అన్నది! నెయ్యేసి పచ్చడన్నం కలిపి పెట్టింది. జడ గూడ ఏస్తనన్నది. నాకు కాళ్లు చేతులు ఆడ్తలేవు."

నా చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది. నెయ్యేసి కలిపిన అన్నం, బిడ్డా అన్న పిలుపు, జడ వేయడం. ఈ మూడూ ఇంతకుముందు మా వాడలో ఒక ఇంట్లో జరిగాయి. అప్పుడు కూడా చేసింది మా అవ్వే.

మా ఎదురింటి అక్క భర్త మస్కట్‌లో ఉండేవాడు. అంతకుముందు సంవత్సరం, పని చేస్తూ చేస్తూనే గుండె ఆగి పోయాడు. మా దిక్కు గల్ఫ్ ఇండ్లలో ఒక పద్ధతి ఉంది. మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. కబురు ముందు వాడ పెద్దవాళ్లకు వస్తుంది. శవం ఉన్న పెట్టె ఇంటి ముందుకు వచ్చేదాకా పెళ్లానికి, తల్లికి చెప్పరు. మనిషి ముఖం కూడా చూడకుండా అన్ని రోజులు ఎట్లా ఏడుస్తారు, ముందే చెప్తే పెట్టె వచ్చేనాటికి ప్రాణం ఉంటుందా అని అందరి భయం. అందుకని వాడంతా కలిసి ఒక్క అబద్ధాన్ని మోస్తారు. ఆడవాళ్లు వంతులేసుకుని కూరలు తీసుకుపోతారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎదురింటి అక్కకు అట్లా రోజూ పప్పు తీసుకుపోయి, నెయ్యేసి అన్నం కలిపి పెట్టి, జడ వేసి, "ఫోన్ ఖరాబైందట బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని చెప్పి వచ్చింది మా అవ్వ. కరోనాకు విమానాలు ఆగిపోయి ఆ పెట్టె రావడం మామూలు కంటే ఎంతో ఆలస్యమైంది. అన్ని రోజులూ అవ్వ అదే మాట చెప్పింది.

ఇక మా తమ్ముడి విషయం. వాడి ఫోను నిజంగానే ఖరాబైంది.

వాళ్ల మైదానంలో రగ్బీ అని ఒక ఆట పోటీలు పెట్టారు. ఎన్నో దేశాల జట్లు వచ్చాయి. లోకమంతా కరోనాతో తలుపులు వేసుకుంటే వీళ్లు ఆటలెట్లా ఆడతారంటే, ఆటగాళ్లనూ పనివాళ్లనూ అందరినీ ఒకేచోట పెట్టి, పోటీలు అయిపోయేదాకా లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి పోకుండా చేశారట. తమ్ముడు లోపలికి పోయే ముందే చెప్పాడు. "అక్కా, తినుడు, పండుడు అంత ఆడ్నే. ఒక్కొక్కనికి ఒక్కో రూము. దినాం ముక్కుల పుల్ల పెడ్తరట. గడ్డి పని తక్కువ, బంతులు కడిగే పని ఎక్కువ. ఆటగాడు ముట్టుకున్న బంతిని మందు నీళ్లతోని తుడిచి మళ్ల ఇయ్యాలె." ఆ మందు నీళ్ల బకెట్లోనే వాడి ఫోను పడింది. దుకాణానికి పోనివ్వరు. దుకాణమే లోపలికి రాదు. వాడికి నోటికి వచ్చిన నంబరు నాదొక్కటే కాబట్టి, కొన్ని రోజులకొకసారి వాళ్ల సారు బల్ల మీది ఫోనులోంచి నాకు చేసి, నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు.

మొదటిసారి అట్లా ఫోను వచ్చినప్పుడు నేను ఆలోచించకుండా పోయి అవ్వకు చెప్పాను. "అవ్వా, తమ్ముని ఫోన్ ఖరాబైందట."

అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. చేయి ఆగింది.

"బాగుచేసుడుకు ఇచ్చిండటనా?"

"లేదు, బయటికి పోనిస్తలేరట."

"మంచిది బిడ్డా," అన్నది. మళ్లీ గింజలు తీసుకుంటూ కూర్చుంది. నాకేం తట్టలేదు. ఏ మాటను తను అన్ని రోజులు మోసిందో, ఆ మాటే నేను తెచ్చి తన చేతిలో పెట్టానని మరదలు పరుగెత్తుకొచ్చిన రోజు దాకా తెలియలేదు.

అప్పటినుంచి చూస్తే అన్నీ అర్థమయ్యాయి. బీపీ గోలీలు డబ్బాలో అట్లాగే ఉన్నాయి. పొద్దున చాయ్, సాయంత్రం కొద్దిగా మక్కజొన్న గటుక, అంతే. అడిగితే ఆకలి లేదంటుంది. మేం ఏమన్నా అడుగుతామేమోనని ముందే తల తిప్పుకుంటుంది. కొడుకు ఇక లేడని తనకు తెలిసినట్టు మాకు తెలియకూడదని చూస్తోంది. కోడలు తట్టుకోలేదని, పెట్టె వచ్చేదాకా దాన్ని బలంగా ఉంచాలని.

మరోసారి తమ్ముడి ఫోను వచ్చినప్పుడు నేను పరుగున పోయి అవ్వ చెవికి పెట్టాను. వాడికి పొద్దంతా మాస్కు, ఆ మందు వాసన, గొంతు బొంగురు పోయి ఉంది. "అవ్వా, నేనే. తిన్నవా?" అన్నాడు. నాకు కూడా వినిపించింది. అవ్వ విన్నది, "తిన్న నాయినా, నువ్వు తిన్నవా" అని మర్యాదగా అడిగింది, ఫోను నా చేతికిచ్చింది.

"ఎవలో వాని దోస్తు మాట్లాడిండు," అన్నది. "మంచి పోరడు. పాపం, మనకోసం తిప్పలు పడుతుండు."

ఫోను ఇంకా పెట్టలేదు. అటువైపు తమ్ముడు ఆ మాట విన్నాడు. "అక్కా, అవ్వకు ఏమైంది?" అన్నాడు. ఏం చెప్పాలి? చెప్పాను. తర్వాత నేనే అడిగాను.

"ఎవనిదన్న పెద్ద ఫోన్ అడిగి వీడియో చెయ్యరా. ఒక్కసారి ముఖం చూపిస్తే అయిపోతది."

"ఎవడిస్తడక్కా ఈ దినాలల్ల? నా చెయ్యి చూస్తెనే ఆమడ దూరం జరుగుతున్నరు." తర్వాత వాడికే తోచింది. "ఆటలు టీవీల వస్తయక్కా. మస్తు దేశాలల్ల చూపిస్తరట. రేపు మాపటాల మాదే డ్యూటీ. నేను గీత పక్కపొంటి ఉంట, ఆకుపచ్చ అంగీ. చూడుండ్రి, అవ్వకు చూపెట్టుండ్రి."

కేబులాయనకు ఫోను చేశాను. మాస్కు పెట్టుకుని వచ్చి అవ్వ వాళ్ల గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రాడు, మేం రమ్మనలేదు. సంగతి చెప్తే తల గోక్కున్నాడు.

"సీరియల్ అడిగేటోళ్లున్నరు, క్రికెట్ అడిగేటోళ్లున్నరు. గీ ఆట అడిగిన మనిషివి మెట్‌పల్లిల నువ్వే మొదలక్కా."

"మావోడు ఆడ ఉన్నడు, గందుకు."

"ఆడుతుండా?" కళ్లు పెద్దవి చేశాడు.

"ఆడేటోళ్లకు బంతి కడిగిస్తుండు."

"గట్ల చెప్పు," అని, గేటు మీంచే ఏ మీట నొక్కాలో, తర్వాత ఏది నొక్కాలో కేక వేసి చెప్పాడు. మా ఆయన లోపల నొక్కుకుంటూ పోయాడు. ఎప్పుడూ చూడని ఛానళ్లన్నీ దాటిపోయి చివరికి పచ్చటి మైదానం బొమ్మ ఒకటి వచ్చి ఆగింది. రేపు సాయంత్రం అదే పెట్టుకోండి, మీట ముట్టుకోకండి అని చెప్పి వెళ్లాడు.

మరునాడు దీపాలు పెట్టే వేళకు అంతా సిద్ధం చేశాం. అవ్వ మాత్రం లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏం చూపిస్తరు నాకు?" అన్నది. "పాతది పెడ్తరు. పోయినోళ్లు గూడ టీవీల తిరుగుతనే ఉంటరు, నాకెరుక లేదా?"

"అవ్వా, ఇది ఇప్పుడే అయ్యే ఆట. పాతది కాదు."

"మంచిది బిడ్డా. మీరు చూడుండ్రి."

ఆ మంచిది బిడ్డా అన్న మాట వింటే నాకు ఏడుపొచ్చింది. నేను బతిమిలాడాను, మా ఆయన బతిమిలాడాడు. మరదలు కాళ్ల దగ్గర కూర్చుంది. లాభం లేదు.

అప్పుడు ఎదురింటి అక్క వచ్చింది. మా ఇంట్లో సందడి విని వచ్చిందో, కేబులాయన చెప్తే వచ్చిందో. పెట్టె వచ్చిన రోజు తర్వాత ఆమె మా అవ్వ ఉన్న గదిలోకి రావడం అదే మొదలు. కోపమని కాదు, అవ్వే తప్పించుకు తిరిగేది. అక్క గడప లోపల నిలబడి కాసేపు చూసింది. మాస్కు కిందికి లాగింది.

"పెద్దమ్మా, నా మాట ఇను. నాకు చెప్పకుండ దాచినప్పుడు మీరేం చేసిండ్రు? చేతిలకెల్లి ఫోన్ గుంజుకున్నరు. వార్తలల్ల ఏమన్న వస్తదేమోనని టీవీ వైరు పీకిండ్రు. దోస్తులు వస్తె ఎల్లగొట్టిండ్రు. వీళ్లను చూడు. కేబులాయనను పిలిపించి మరీ టీవీ పెడ్తుండ్రు. దాచేటోళ్లు గిట్ల చేస్తరా? నాకంటె ఎక్కువ ఎవ్వలకెరుక?"

 అవ్వ మెల్లగా ఇటు తిరిగింది.

"నీకు నా చేతులతోని కూడు పెట్టుకుంట అబద్ధం చెప్పిన బిడ్డా."

"చెప్పినవ్. నీ పప్పు గూడ తిన్న, మంచిగనే ఉండె. ఇగ లే. లేసి టీవీ ముంగట కూసో."

అవ్వ లేచింది. అక్కే భుజం పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుంది.

నేను నాలుగో తరగతితో బడి ఆపేసిన దాన్ని, రగ్బీ గురించి నాకేం తెలుస్తుంది. చూసింది చెప్తాను. అంత పెద్ద మైదానం, చుట్టూ వేల కుర్చీలు, ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు. గాలికి ఏదో బట్ట కొట్టుకుంటుంటే ఆ చప్పుడు కూడా వినిపించింది. బంతి గుండ్రంగా లేదు, కోడిగుడ్డును పట్టి సాగదీసినట్టుంది. అటూ ఇటూ రెండేసి పొడుగు కంబాలు, మధ్యలో అడ్డంగా ఒక కట్టె. ఆడేవాళ్లు ఒక్కొక్కడు దర్వాజాకు అడ్డం నిలబడితే ఇల్లు చీకటయ్యేటట్టు ఉన్నాడు.

మా ఆయన కబడ్డీ ఆడినవాడు కాబట్టి మాకు చెప్పడం మొదలుపెట్టాడు. "గిది కబడ్డీకి పెద్దన్న. పట్టుకోవాలె, పడగొట్టాలె. గని బంతి మాత్రం ఎన్కకే ఇయ్యాలట. ముంగటికి ఇస్తె తప్పు."

"పోయేది ముంగటికైతె ఇచ్చుడు ఎన్కకేంది?" అన్నది అవ్వ. చాలా రోజులకు అవ్వ ఒక సంగతి ఏమిటని అడగడం అదే. నేనూ మరదలూ ఒకరినొకరం చూసుకున్నాం.

ఇంతలో ఈల వేశారు. ఇటొక గుంపు, అటొక గుంపు, వంగి ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకున్నారు. తలలు తలల సందుల్లో దూర్చి, ఒకరినొకరు నెట్టుకోవడం మొదలుపెట్టారు. చెంపలు చెంపలకు రాసుకుంటున్నాయి. చెమట కారుతోంది. ఒక్కరికీ మాస్కు లేదు. మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం.

"వీళ్లకు దూరం దూరం ఉండుండ్రని చెప్పేటోడు లేడా?" అన్నది అవ్వ. "ఈడ కొత్తిమీరకు పోతె పోలీసోళ్లు కట్టె చూపిస్తుండ్రు."

"దినాం పరీక్ష చేస్తరట అత్తమ్మా," అన్నది మరదలు.

"చేస్తే! గా చెవులు చూడు, తెగి పడేటట్టున్నయ్."

ఎదురింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బీడీ చాటలు ఒళ్లో ఉన్నాయి గానీ మా చేతులు ఎప్పుడు ఆగాయో మాకే తెలియదు. మేం చూస్తున్నది మధ్యలో కాదు, అంచుల్లో. తెల్ల గీత ఎప్పుడు కనిపిస్తుందా, గీత అవతల ఆకుపచ్చ అంగీ కనిపిస్తుందా అని. కనిపించీ కనిపించగానే తిప్పేసేవాళ్లు. ఒకసారి మోకాళ్లు కనిపించాయి. ఒకసారి బంతి అందిస్తున్న చేయి కనిపించింది, దానికి తొడుగు. పైగా ఆకుపచ్చ అంగీలు ఒకరివి కాదు, అందరూ టోపీలు, అందరూ మాస్కులు, అందరూ ఒకే ఎత్తు.

"గదో వదినె, గదో!"

"కాదే, వాడు నల్లగున్నడు."

"ఎండల నల్లగైండేమో."

ఆట అయిపోయింది. గెలిచినవాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు. అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. "చూసినం గదా బిడ్డా. ఇగ మీరు తినుండ్రి," అన్నది. ఎదురింటి అక్క కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. "ఇంకొకటి ఉన్నదట పెద్దమ్మా. నాకు గూడ ఇంటికాడ ఏం పని లేదు."

రెండో ఆట మొదలైంది. మరదలు మధ్యలో పోయి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. నాకు ఆశ సన్నగిల్లింది. ఈ పూట కాకపోతే రేపు అవ్వను మళ్లీ టీవీ ముందుకు తేలేం, నాకు తెలుసు.

అప్పుడొక ఆటగాడు బంతి పట్టుకుని మూలకు దూకాడు. ఇంకొకడు వాడి మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లుకుంటూ పోయి మూలన పాతిన జెండా కట్టెను విరగ్గొట్టారు. ఈల వేసి ఆట ఆపారు. ఏం తేల్చాలో తేల్చుకుంటున్నారు. ఆ ఆగిన కాసేపు టీవీలో ఆ మూలనే చూపించారు. గీత అవతలి నుంచి ఆకుపచ్చ అంగీ మనిషి ఒకడు కొత్త జెండా కట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. టోపీ, మాస్కు, చేతులకు తొడుగులు. ఎవడైనా కావచ్చు. గీత దగ్గర ఆగాడు. వంగి కుడిచేత్తో గడ్డిని తాకాడు. ఆ అరచేతిని మాస్కు ముందుకు తెచ్చుకుని ఒక్క క్షణం అక్కడే ఉంచాడు. తర్వాత కళ్లకు అద్దుకున్నాడు. అప్పుడు గీత దాటి లోపలికి పోయాడు.

అవ్వ వేసిన కేక వాడకంతా వినిపించింది.

"వాడే! నా కొడుకే! వాడే!"

"అత్తా, ఆగు," అన్నాడు మా ఆయన. ఆయనకు భయం, అవ్వ ఆశపడి మళ్లీ పడిపోతుందేమోనని. "గ్రౌండుకు చానమంది మొక్కుతరు. ఆడేటోళ్లు గూడ మొక్కుతరు."

"మొక్కుతరు," అన్నది అవ్వ. "ఊదుతరా?"



ఇది మా ఇంటి సంగతి, చెప్తే గానీ తెలియదు. నేసేవాళ్లెవరైనా పొద్దున మగ్గానికి మొక్కే పని మొదలుపెడతారు. చేత్తో తాకి కళ్లకు అద్దుకుంటారు. సాంచాల మీద రాత్రంతా రాలిన దూది నుసి పేరుకుని ఉంటుంది. తాకిన చేతికి అది అంటుకుంటుంది, అట్లాగే కళ్లకు అద్దుకుంటే కండ్లలో పడుతుంది. చిన్నప్పుడు తమ్ముడికి ఒకసారి అట్లా పడి కన్ను ఎర్రగా వాచింది. అప్పటినుంచి బాపు వాడికి నేర్పాడు, ముందు ఫూ అని అరచేయి ఊదుకో, తర్వాత అద్దుకో అని. వాడు దాన్ని ఇంక వదల్లేదు. గుడిలో గడపకు మొక్కినా ఊదుతాడు, బస్సెక్కేటప్పుడు మొక్కినా ఊదుతాడు. పెళ్లిలో పెద్దల కాళ్లకు మొక్కి చేయి ఊదుకుంటే ఆడపెళ్లివాళ్లు మొఖాలు చూసుకున్నారు. ఇప్పుడు అంత దూరాన, దూది నుసి అన్నదే లేని పచ్చగడ్డిని తొడుగు వేసుకున్న చేత్తో తాకి, మాస్కు లోపలే ఊదుకున్నాడు.

మరదలు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను. ఎదురింటి అక్క అవ్వ వీపు నిమురుతూ కూర్చుంది. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. ఆమె ఏం తలచుకుంటోందో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. టీవీలో తమ్ముడు జెండా కట్టె పాతి, కాలితో గడ్డి నొక్కి, వెనక్కి వచ్చేశాడు. మా వైపు చూడలేదు. పని మీద ఉన్నవాడు ఎందుకు చూస్తాడు.

"బక్కగైండు," అన్నది అవ్వ.

"గంత దూరంకెల్లి ఎట్ల తెలిసిందత్తా?"

"అంగీ ఏలాడుతుంది, కండ్లు లేవా నీకు?" అని అల్లుడిని ఒకటి అని, మరదలి వైపు తిరిగింది. "ఏడుస్తవేందే? పొయ్యి మీద ఏమో పెట్టినవ్, సోయి ఉన్నదా? వాసన వస్తలేదా? ముక్కుల దూది పెట్టుకున్నవా?"

పాలు పొంగి పొయ్యంతా పారాయి. మరదలు లేచి వంటింట్లోకి పరుగెత్తింది. లోపలినుంచి పగలబడి నవ్వడం వినిపించింది. అవ్వ ఆ నవ్వుకు కూడా ఒక తిట్టు పెట్టింది.

ఆ సాయంత్రం అవ్వ అన్నం తిన్నది. పలుకుందని పేరు పెట్టి మరీ తిన్నది. ఎదురింటి అక్కను పోనివ్వలేదు, ఆమెకూ పళ్లెం పెట్టించింది. "గిప్పుడు తిను. గిప్పుడు దీంట్ల అబద్ధం లేదు," అన్నది. అక్క తినేసి, చేయి కడుక్కుంటూ, "అప్పటి పప్పే మంచిగుండె పెద్దమ్మా, కోడలు చేతిల ఉప్పెక్కువ," అన్నది. మరదలు ఆమెను కూడా ఏదో అన్నది. బీపీ గోలీ నేనే చేతిలో పెట్టాను, నోరెత్తకుండా మింగింది.

రెండు రోజులకు తమ్ముడి ఫోను వచ్చింది. నేను హలో అనకముందే అవ్వ లాక్కుంది.

"ఏం రా, మాస్కు లోపల ఊదితె చేతి మీది నుసి పోతదా?"

 అటువైపు వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు నవ్వుతూనే ఎక్కడో మారిపోయింది. అవ్వ కూడా ముక్కు తుడుచుకుంది. కాసేపటికి వాడు తేరుకుని చెప్పాడు, తొడుగుల చేత్తో ముఖం ముట్టుకున్నానని వాళ్ల సారు పిలిచి కోప్పడ్డాడట. ఇంకోసారి కనిపిస్తే మైదానంలోంచి తీసేసి సామాను గదిలో వేస్తానన్నాడట.

"నిజమే అన్నడు," అన్నది అవ్వ. "రోగాల దినాలు. ముట్టుకోకు."

"మొక్కకుంటె కాళ్లు లోపలికి పోతలేవవ్వా. చెయ్యి దానంతట అదే పోతది."

"పట్టుకో చెయ్యిని. నీ పాలుకు గూడ నేనే మొక్కుత, ఈడ నాకు మాస్కు లేదు. నువ్వు సారు చెప్పినట్టు ఇను."

"మరి నన్ను ఎట్ల గుర్తుపడ్తవ్ టీవీల?"

"గుర్తుపట్టకుంటె ఏమాయె? నువ్వు ఉన్నవని ఎరుకైంది గదా. పెట్టెయ్యి, ఆయన ఫోన్ అది."

పోటీలు ఇంకా కొన్నాళ్లు సాగాయి. సాయంత్రమైతే అవ్వే ముందు టీవీ ముందు కూర్చునేది. ఎదురింటి అక్క కూడా వచ్చేది. తమ్ముడు మళ్లీ ఎప్పుడు కనిపించాడో, కనిపించాడో లేదో ఎవరికీ సరిగా తెలియదు. ఆకుపచ్చ అంగీ ఏది కనిపించినా "ఎవ్వల కొడుకో, మంచిగ చేస్తుండు" అనేది అవ్వ. ఒకరోజు ఆట మధ్యలోనే తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో, నోరు కూడా తెరుచుకుంది. మరదలు చాట పక్కన పెట్టి, చప్పుడు కాకుండా లేచి టీవీ బంద్ చేయబోయింది.

అవ్వ కళ్లు తెరవలేదు.

"ఉండనియ్యే," అన్నది. "వాడు పని మీద ఉన్నడు."